పాలమూరు మూడు గంటల దారేనట

మొన్న ఆదివారం అన్నం తిని జర నడుము వాల్చిన్నో లేదో, మా మనుమరాలు ఫోను పట్టుకొని పక్కకొచ్చి కూసున్నది. రెండు ఊర్ల నడుమ దూరమెంతో రాసుకొని రమ్మని బడిల చెప్పిండ్రట, నల్గొండ అని, మహబూబ్‌నగర్, అదే మన పాలమూరు అని కొట్టి చూసిందట. తాతా, గాలి దారిల పోతే చానా దగ్గరట, విమానంల అరగంట కూడ పట్టదట, రోడ్డు మీదనైతే మూడు గంటలట అని సంబురంగ చదివి వినిపించింది. పిల్ల తప్పేమీ లేదు. కానీ మూడు గంటలన్న మాట చెవుల పడంగనే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

విమానమట విమానం. నల్గొండల విమానం ఎక్కే జాగా ఎక్కడున్నది, పాలమూరుల దిగే జాగా ఎక్కడున్నది? నల్గొండోడు విమానం ఎక్కాలంటే ముందుగాల శంషాబాద్ దాక పోవాలె, అంత దూరం పోయినోడు ఆడ బస్సెక్కి కూసుంటే జర సేపట్ల పాలమూరే వస్తది. గాలి దారిల పోతందుకు మేమేమన్న కొంగలమా? ఈ లెక్కలు ఎవరు కడ్తరో, ఎవరి కోసం కడ్తరో గానీ, రెండు ఊర్ల నడుమ స్కేలు పెట్టి గీత గీసి ఇంతే దూరమని చెప్పేటోళ్లకు, ఆ నడుమ వాగులుంటయి, గుట్టలుంటయి, తవ్వి యాడాదుల కొద్ది వదిలేసిన రోడ్లుంటయి అని ఎవరు చెప్పాలె? పిల్ల ముందట ఏమీ అనలేక అటు తిరిగి పండుకున్న గానీ, నిద్ర పట్టలేదు. నా ఈడోళ్లకైతే ఈ కోపం తెలుస్తదని మీతోటి చెప్పుకుంటున్న.

నాకు ఒక్కతే చెల్లె. ఆమెను పాలమూరు దిక్కు ఇచ్చింది మా తాత పుణ్యాన. మాది గొర్లు కాసిన ఇల్లు. నేను నాలుగు అక్షరాలు వచ్చి పశువుల దవాఖానల నౌకరి చేసిన గానీ, తాత దినాల్ల ఎండాకాలం వచ్చిందంటే మందను తోలుకొని పచ్చిక ఎక్కడుంటే అక్కడికి పోవుడే, అట్ల పోయి పోయి పాలమూరు దిక్కు ఒక ఊర్ల ఒకాయనతోటి దోస్తానా కలిసి, మీ ఇంట్ల పిల్లగాడు పుడితే మా ఇంట్ల ఆడపిల్లను ఇస్తమని చేతిల చెయ్యి వేసి వచ్చిండట. తాతకు దూరమంటే గొర్లు నడిచినంత దూరం. మంద మేసుకుంట, ఆగుకుంట, ఎవరి చేన్లనో రాత్రికి ఆపుకుంట పోయేటోనికి ఇయ్యాల చేరితే ఏంది, రేపు చేరితే ఏంది, ఎవరడుగుతరు? ఆ మాట చెల్లె పెండ్లి దాక నిలవడ్డది. పెండ్లి చూపుల నాడు అవ్వ ఒక్కతే, గంత దూరం ఎందుకని కండ్లనీళ్లు పెట్టుకుంటే, రేపొద్దున రోడ్లు పడ్తయి, అప్పుడు అదెంత దూరమని తాత నవ్విండు. అవ్వ అంటే మా తల్లి, మేము గట్లనే పిలుస్తుంటిమి.

తెలంగాణ వచ్చిన కొత్తల, చెల్లె వాళ్లు పాలమూరుల ఇల్లు కట్టుకున్నరు. బావ బడి పంతులు. కానీ ఆ ఇంటికి ఇటుక ఇటుక పేర్పించింది చెల్లెనే అని చెప్తే అబద్ధం కాదు, కుట్టు మిషన్ తొక్కి, చిట్టీలు వేసి, నోరు కట్టుకొని ఆ జాగా కొన్నది. అయినా అత్తగారింట్ల ఆమెకు ఒక వెలితి ఉంటుండె. తోటికోడలుది పక్క ఊరే, ఏ చిన్న కార్యమైనా వాళ్ల తల్లిగారోళ్లు ఆటో నిండ దిగుతుండ్రి. మా చెల్లె తల్లిగారోళ్లు మాత్రం ఏ యాడాదికో ఒకపారి మొఖం చూపెట్టే దూరపు సుట్టాలాయె. ఆమెకేమన్న తల్లిగారున్నరా, చెట్టుకు కాసిందా అని ఆ అత్త ఎగతాళి చేసేదని చెల్లె నవ్వుకుంటనే చెప్పేది గానీ, ఆ నవ్వు మాకు తెల్వదా? అందుకే గృహప్రవేశం ముహూర్తం పెట్టంగనే ఫోన్ చేసి, ఈపారి మాత్రం అందరికంటే ముందుగాల మీరే ఉండాలె అన్నది. మాదిక్కు ఆడపిల్ల కొత్తింట్ల అడుగు పెట్టాలంటే తల్లిగారోళ్లు తెచ్చిన చీర కట్టుకొని, వాళ్లు పోసిన ఒడిబియ్యం కొంగుల పట్టుకొని గడప దాటాలె. నలుగురి ముందట అది జరిగితే చెల్లె తల ఎత్తుకుంటది, జరగకపోతే ఆ అత్త మాటే గెలుస్తది. ఉన్న సంగతి అంతే.

ఒడిబియ్యం సంగతి మా అసొంటోళ్లకు కొత్తగ చెప్పేదేం లేదు, బియ్యంల పసుపు కలిపి, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, రవికె బట్ట పెట్టి మూట కడ్తం. బాపు పోయినసంది అవ్వ పొయ్యరాదు గనుక పొయ్యడం మా ఇంటామె చేతుల మీదనే జరుగుతున్నది గానీ, కలపడం, కట్టడం మాత్రం అవ్వ ఎవ్వరికీ ఇయ్యకపోయేది. మా ఇండ్లల్ల ఇంకొక కట్టడి ఉన్నది. ఆడపిల్ల కోసం కట్టిన మూట ఒక్కపారి మన గడప దాటినంక నేల మీద దించొద్దు, వచ్చిన దారిల వెనక్కి మళ్లియ్యొద్దు. వెనక్కి మళ్లిందంటే ఆ పిల్లకు తల్లిగారిల్లు తీరిపోయినట్టేనట. ఎవరు పెట్టిండ్రో ఎందుకు పెట్టిండ్రో తెల్వదు, కాలినడకన పోయే రోజుల్ల సగం దూరం పోయి పానం ఇసిగి మళ్లి రాకుండ పెట్టి ఉంటరు.

గృహప్రవేశం నాడు తెల్లారకముందే నల్గొండ నుంచి కిరాయి కారు మాట్లాడుకొని బయలెల్లినం. అవ్వ, మా ఇంటామె, నేను. మూట అవ్వ ఒళ్లె ఉన్నది. హైదరాబాద్ మీదికెల్లి పోదామా అని డ్రైవర్ అడిగితే, అటు తిరిగితే చుట్టు దారి, పైగ ఆ ట్రాఫిక్‌ల ఇరుక్కుంటమని నేనే దేవరకొండ మీదికెల్లి పోనియ్యమన్న. మల్లేపల్లి దాక మంచిగనే ఉండె. దేవరకొండ దాటినంక మొదలైంది పీడ. కొత్తగ పెద్ద రోడ్డు వేస్తమని ఒకదిక్కంత తవ్వి పెట్టిండ్రు, ఎటు చూసినా కంకర కుప్పలు, ఎర్రమట్టి. శ్రావణమాసం, రాత్రంత వాన. డిండి దిక్కు పొయ్యే దారిల ఒక వాగు ఉన్నది, దాని మీద పాత వంతెన కూలగొట్టి కొత్తది కడ్తున్నరు, అప్పటిదాక బండ్లు పోతందుకు పక్కనుంచి పైపులు పెట్టి మట్టి పోసిండ్రు. మేము పోయేసరికి ఆ మట్టి లేదు, పైపులు లేవు. వాగు మాత్రమే ఉన్నది, ఎర్రగ, నిండుగ.

ఇటు ఒక లైను, అటు ఒక లైను బండ్లు నిలవడ్డయి. డ్రైవర్ దిగి చూసొచ్చి, సారూ, ఇది ఇప్పట్ల అయ్యేది కాదు, వెనక్కి తిప్పి దేవరకొండ పోయి హైదరాబాద్ దారి పట్టుకుందాం, ఆలస్యమైనా మధ్యాహ్నానికి చేరుతం అన్నడు. నాకూ అదే మంచిగనిపించి తిప్పమన్న. అప్పటిదాక మాట్లాడని అవ్వ డోర్ తెరిచి, మూటతోటి సహా కిందికి దిగి నిలవడ్డది.

"మీరు పోతే పోండ్రి. మూట ఎనకకు రాదు."

ఎన్ని తీర్ల చెప్పిన్నో నాకే తెల్వదు. వెనక్కంటే ఇంటికి కాదు, దేవరకొండ దాకనే అన్న. ఈ కట్టడి కాలినడక రోజుల్లది, కార్లకు కాదన్న. మా ఇంటామె కూడ బతిమాలింది. చిన్నప్పుడు నన్ను కొట్టని అవ్వ ఆ పొద్దు కొట్టినంత పని చేసింది. ఒక్కతే ఒక్క బిడ్డ, దాని ఒడిబియ్యం నా చేతులతోటి నేనే మళ్లిస్తనా అని, ఇక ఆ మాటే మాట. నాకు ఎంత మండిందో చెప్పలేను. అట్లని తల్లిని వాగు ఒడ్డుకు వదిలి పోతమా? చిన్న చినుకులు పడుతుంటే కొంగు మూట మీద కప్పి, తాను తడుసుకుంట నిలవడ్డది. నేల మీద పెట్టరాదు కదా, చేతులు గుంజినా మా ఇంటామెకు ఇచ్చేదే గానీ దించలేదు. అక్కడ సిగ్నల్ లేదు. నేను పక్కన ఉన్న గుట్ట ఎక్కి, చెప్పులు బురదల పోగొట్టుకొని, బావకు ఫోన్ కలిపితే, ఆయన అంత సందడిల ఒక్క నిమిషం ఆగు అని తన ఫోన్ల దారి చూసి, ఎక్కడున్నరు, డిండి కాడనా, అక్కడికెల్లి గంటన్నర కూడ లేదు కద, నీలం గీతే చూపెడ్తున్నది, ఎర్ర గీత కూడ లేదు, వచ్చెయ్యండ్రి అన్నడు. వాగు పోయింది బావా అంటే, మ్యాపుల ఏమీ లేదే అన్నడు. ఇంకేం చెప్పాలె ఆయనకు? ఎర్ర గీత చూపెట్టాలంటే బండ్లు మెల్లగనన్న కదలాలె గదా, మేము అసలు కదలకపోతిమి. అక్కడున్నోళ్ల ఫోన్లకు సిగ్నలే లేకపాయె.

జేసీబీ వచ్చి మట్టి పోసేసరికి పొద్దు పడమటికి వాలింది. చీకటి పడేటప్పటికి పాలమూరు చేరినం. టెంట్ విప్పుతున్నరు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తున్నరు. ముహూర్తం మించిపోతున్నదని అయ్యవారు తొందర పెడితే, తోటికోడలు తల్లి తన బిడ్డకని తెచ్చుకున్న చీర మా చెల్లెకు కట్టిచ్చి, వాళ్ల ఇంట్ల బియ్యానికే పసుపు కలిపి ఒడి పోసిందట. మంచి మనసుతోనే పోసింది, ఆమెను నేను తప్పు పట్టను. కానీ నలుగురి ముందట మా చెల్లె తోటికోడలు తల్లిగారి చీరతోటి తన సొంత ఇంట్లకు పోయింది. మేము పోయేటప్పటికి ఆ చీర మీదనే ఉన్నది. లోపలి అర్రల మా ఇంటామె మళ్ల ఒడి పోస్తే, కొంగు పట్టింది, మొక్కింది, అన్నాలు పెట్టింది. అందరూ తిని లేచినంక నా దగ్గరికొచ్చి మెల్లగ, ఒక్కటే మాట అడిగింది.

"ఫోన్ల మూడు గంటలే చూపెడ్తున్నది కద అన్నా. పొద్దుగాల బయలెల్లకపోతిరా?"

వాగు సంగతి చెప్పిన. మూట సంగతి చెప్పిన. విన్నది. కాదనలేదు. అట్లనా అన్నది. ఆ "అట్లనా" ఇప్పటికీ నా చెవుల్లనే ఉన్నది. నేను తిట్టినా కొట్టినా పడేది గానీ, నమ్మకుండ ఊరుకునుడు నేను తట్టుకోలేకపోయిన. దాని తర్వాత ఏ పండుగకు వస్తమన్నా, మీకు దూరమైతది, ఎందుకు తిప్పలు అని మర్యాదగ అనేది. సొంత అన్నతోటి మర్యాద ఏంది? అవ్వ ఆ మర్యాదతోటే సగం చచ్చింది. ఎవరు దేవరకొండ దిక్కు నుంచి వచ్చినా, రోడ్డయిందా బిడ్డా అని అడిగేది. ఇంకా తవ్వుతనే ఉన్నరంటే, కానియ్యి, అయినంక పొద్దుగాల్నే పోయి దాని ముందట నిలవడ్త, అప్పుడు ఏమంటదో చూస్త అనేది. నేను పేపర్ల రోడ్డు సంగతి ఏమన్న రాసిండ్రా అని చూస్తుంటి. శంకుస్థాపన ఫోటోలు వస్తుండె, గుత్తేదారు మారిండని వస్తుండె, భూమి పైసలు రాలేదని రైతులు అడ్డుకున్నరని వస్తుండె. ఇటు ఇంత అయితే అటు అంత ఆగుతుండె. ఒక్క రోడ్డు వెయ్యనీకె ఇంత తతంగం ఏందో నాకు సమజ్ కాకపోయేది.

రోడ్డు కాలేదు, అవ్వ పోయింది. అది కూడ వానకాలమే. తెల్లవారుజామున పానం పోతే వెంటనే చెల్లెకు ఫోన్ చేసిన. ఇప్పుడే బయలెల్లుతున్న, నేను వచ్చేదాక ఆపండ్రి అన్నది, అంతే, పెట్టేసింది. మాదిక్కు తల్లి పోతే బిడ్డ చీర తేవాలె, అది కప్పినంకనే పాడె లేపాలె. మధ్యాహ్నమైంది. చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, వాకిట్ల పెద్దమనుషులతోటి కూసున్నడు. ఆకాశం మబ్బు పట్టింది, వాన పడితే బొందల నీళ్లు నిలుస్తయని తవ్విన వాళ్లు వచ్చి చెప్తున్నరు. ఎవడో పిలగాడు ఫోన్ తీసి, పాలమూరుకెల్లి మూడు గంటలే తాతా అన్నడు. ఇక చిన్నాయన లేచి, మూడు గంటల దారికి పొద్దటిసంది చూస్తున్నం, వచ్చే బిడ్డయితే ఈపాటికి రాకపోతుండెనా అన్నడు. నేను అడ్డం పడ్డ. ఆ రోడ్డు మీకు తెల్వదు, నాకు తెలుసు, ఆమె వస్తది, ఇంక జర ఆగుండ్రి అని చేతులు పట్టుకున్న. ఫోన్ కలపబోతే కలవకపోయె. డిండి కాడ కలవదని నేను చెప్తుంటే, తల్లి పోయిన బాధల ఏదో మాట్లాడుతున్నడని నన్నే పక్కకు తీసుకపోయిండ్రు. నా ఇంటి ముందట, నా తల్లి కాడ, నా మాట ఒక్కనికి పట్టలేదు. పొద్దు గూకకముందే లేపిండ్రు.

చెల్లె వచ్చేసరికి మట్టి కప్పి ఇండ్లకు మళ్లినం. ఆమె బస్సు డిండి అవతలనే ఆగిపోయిందట, దిగి నడిచి, ట్రాక్టర్ ఎక్కి, మళ్ల ఎవరిదో జీపు పట్టుకొని వచ్చింది. మోకాళ్ల దాక బురద. చంకల నారాయణపేట చీర, కవరు తడవకుండ పైన ఇంకో కవరు చుట్టి. ఏడుస్తదనుకున్న, ఎందుకు ఆపలేదని నన్ను కొడ్తదనుకున్న. ఎవ్వరినీ ఏమీ అడగలేదు. నేనే బొంద కాడికి తీసుకపోయిన. తడి మట్టి మీద ఆ చీర పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, కూలబడ్డది. నా దిక్కు చూడకుండనే అన్నది.

"ఆ నాడు మీరు తెల్లారకముందే బయలెల్లిండ్రు కద."

ఔ బిడ్డా అన్న. ఆ ఒక్క మాట కోసమే గద అవ్వ అన్ని దినాలు రోడ్డెప్పుడైతది, రోడ్డెప్పుడైతదని అడిగింది.

ఇప్పుడు ఆ రోడ్డు చూస్తే మీరు నమ్మరు. నున్నగ, నల్లగ, తెల్ల గీతలు కొట్టి ఉన్నది. వాగు మీద పెద్ద వంతెన పడ్డది, కింద వాగున్నదని కూడ కారుల కూసున్నోనికి తెల్వదు. ఫోన్ ఎన్ని గంటలంటే అన్ని గంటలే, నడుమ చాయ తాగితే ఇంకొక పది నిమిషాలు. చెల్లె పిల్లలకు ఈ కథ చెప్తే, అదేంది మామా, పొద్దటిసంది రాత్రి దాకనా అని నవ్వుతరు, వాళ్ల తప్పు కాదు, వాళ్లకు తెలిసిన రోడ్డు ఇదే. యాడాదికోపారి ఒడిబియ్యం తీసుకొని మేమిద్దరం పోతం. మూడు గంటల దారే అని తెలుసు, అయినా తెల్లారకముందే లేస్తం, ఇంక చీకటిగ ఉండంగనే బయలెల్లుతం, ఎండ ఎక్కకముందే చెల్లె వాకిట్ల ఉంటం. ఎందుకు గంత తొందర అని బావ అంటడు. చెల్లె అనది. మూట మా ఇంటామె ఒళ్లె ఉంటది, ఆ వంతెన మీదికి రాంగనే ఇద్దరం మాట్లాడుడు బంద్ చేస్తం.

దూరం తగ్గింది, మంచిదే, నేను కాదంటలేను. కానీ తగ్గేదేదో అవ్వ బతికున్నప్పుడే తగ్గితే, ఆమె ఒక్కపారి పొద్దుగాల్నే పోయి బిడ్డ వాకిట్ల నిలవడి ఉంటే, ఎవని సొమ్ము పోయేదో నాకు ఇప్పటికీ సమజ్ కాదు.